గోలు వెనక కట్టేసిన బర్రె

పోయిన మల్లేశు పేరున పిట్టకు పెడుతున్నామని కబురొస్తే పొద్దున్నే గౌలిపుర వెళ్లాను. ఇంటి వెనక దొడ్డిగోడ మీద విస్తరాకు పరిచి వాడికి ఇష్టమైనవన్నీ వడ్డించారు. అన్నం, బోటికూర, గారెలు, గడ్డపెరుగు, పక్కన ఒక బీడీకట్ట. కాకి వచ్చి ఒక్క మెతుకైనా ముట్టాలి. ముట్టిందంటే పోయినవాడి మనసులో కోరికలేవీ మిగల్లేదని, ముట్టకపోతే ఏదో మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం. కాకులు లేక కాదు. ఎదురింటి కరెంటు తీగ మీద వరసగా కూర్చుని, మెడలు వంచి విస్తరి వైపు చూస్తున్నాయి, దిగడం మాత్రం లేదు. ఒకప్పుడు బర్రెల కొట్టం ఉన్న చోట ఇప్పుడు మనవళ్ల స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి. వాకిట్లో షామియానా, వంటవాళ్ల గరిటెల మోత, ఎవడో కుర్రాడు పెట్టిన మైకులో భజన పాటలు, పిల్లల పరుగులు. నా పక్క కుర్చీలో ఖాజా మియా కర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. ఖాజా మా ఫుట్‌బాల్ జట్టువాడు కాదు. మా మీద గోల్స్ కొట్టిన జట్టువాడు. అయినా కబురు అందగానే మోకాళ్లు పట్టుకుంటూ వచ్చాడు.

కోరికేమిటో తెలియక ఇంటివాళ్లు ఒక్కొక్కరే మొక్కుకోవడం మొదలుపెట్టారు. మల్లేశు భార్య సత్తెమ్మ, "మనుమరాలి పెండ్లి మంచిగ జేస్తం, నువ్వేం ఫికర్ చెయ్యకు" అని గోడకేసి చెప్పింది. చిన్న కొడుకు "ఇల్లు అమ్మం బాపూ" అన్నాడు, అంటూ అన్న వైపు ఓరగా చూశాడు. కాకులు కదల్లేదు. పెద్ద కొడుకు యాదగిరి నా దగ్గరకొచ్చి వంగాడు. "పెద్దబాపూ, చిన్నప్పటిసంది దోస్తులు మీరు. ఆయన మనసుల ఏముండెనో నీకే తెల్వాలె. జర జెప్పరాదు?" అన్నాడు. నాకు తెలిసినంతలో మల్లేశు జీవితంలో గట్టిగా కోరుకున్నది ఒక్కటే. మొదలుపెట్టిన ఆటను ఆఖరి ఈల దాకా ఆడాలని. ఈ మాట చెబితే ఆ పిల్లవాడు నవ్వుతాడో ఏడుస్తాడో తెలియక నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నంత తేలిగ్గా మనసు మూసుకుంటుందా? అది అప్పటికే గల్లీ దాటి దబీర్‌పురా రైలుకట్ట ఎక్కేసింది.

మా కాలంలో గౌలిపురకు గడియారం బర్రెలే. తెల్లవారకముందు ఒక పాలపూట, పొద్దు వాలాక ఒక పాలపూట. ఆ రెంటి మధ్యా ఎవరేం చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. పెళ్లిచూపులు, పంచాయతీలు, పక్కింటివాళ్లతో తగాదాలు అన్నీ ఆ మధ్యలోనే తెమల్చుకోవాలి. తగాదా ఎంత రసపట్టులో ఉన్నా పాలవేళయ్యేసరికి "మిగిలింది రేపు తిడతా" అని కొంగు దులుపుకుని కొట్టంలోకి పోయేవాళ్లు. మా బాపుది తౌడూ చెక్కా అమ్మే దుకాణం. నానిన పల్లిచెక్క, పులిసిన కుడితి, తడిసిన జొన్నచొప్ప, వీటన్నిటి మీదా పిడకల పొగ. ఆ వాసన బట్టలకు పట్టిందంటే ఏ చాకిరేవూ వదిలించలేదు. బళ్లో పక్కపిల్లలు ముక్కు మూసుకుంటే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఎక్కడైనా దారిన పోతూ ఆ వాసన తగిలితే నడక ఆపేసి నిలబడిపోతాను.

ఆ రోజుల్లో పాలు మోసుకెళ్లి పోయడం తక్కువ. బర్రెనే తోలుకుపోయి గిరాకీ గుమ్మం ముందు పిండి ఇవ్వాలి. ఇల్లాలు ముందు పాలవాడి చెంబు బోర్లించి చూపించమనేది. అడుగున నీటిచుక్క లేదని నమ్మకం కుదిరాకే పిండనిచ్చేది. గౌలిపుర నుంచి దబీర్‌పురా దాకా గల్లీల్లో మా బర్రెలకు తెలియని గుమ్మం లేదు. పరదాలు కట్టిన ముసల్మానుల డ్యోఢీ లోగిళ్లు, రైల్లో పనిచేసే కిరస్తానీల వరస ఇళ్లు, కోమట్ల అరుగులు, ఏ గుమ్మం ముందు ఆగాలో మనిషి చెప్పనక్కర లేకుండా అవే ఆగేవి.

మల్లేశు తల్లి ఈరమ్మ మా పక్కిల్లే. మనిషి పొట్టి, గొంతు మాత్రం గల్లీ ఈ చివర అరిస్తే ఆ చివర కుక్క లేచి కూర్చునేది. మొగుడు పోయాక రాజమణి అనే ఒక్క బర్రె మీద ఇల్లు నెట్టుకొచ్చింది. ఆ రాజమణి ఈనిన కొన్నాళ్లకే దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె మూతి తగలనిదే బర్రె చేపదు, అంటే పొదుగులోకి పాలు దింపదు. అలాంటప్పుడు చచ్చిన దుడ్డె తోల్లో గడ్డి కుక్కి బొమ్మ చేసి ముందు నిలబెడితే, తల్లి దాన్ని నాకుతూ చేపుతుంది. రాజమణి ఆ బొమ్మను ఒకసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఈరమ్మ కూర్చుంటే తన్నింది. కులపెద్ద కూర్చుంటే ఇంకా గట్టిగా తన్నింది. ఆఖరికి మల్లేశు వెళ్లి మెడ కింద గోకి, ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు. అప్పుడు దింపింది. ఆ రోజు నుంచి వాడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనిస్తే ఒట్టు. "పాలిచ్చే బర్రె తన్నినా పడాలె" అని ఈరమ్మ దానికి దండం పెట్టి చెంబు కొడుక్కి అప్పగించింది. అలా వాడి సాయంత్రాలన్నీ ఆ పొదుగు కింద కట్టుబడిపోయాయి.

మాకు ఫుట్‌బాల్ పిచ్చి అంటించినవాడు జోసఫన్న. దబీర్‌పురా రైలు గేటు దగ్గర పని. మాకంటే బాగా పెద్దవాడు, పెళ్లాంబిడ్డలున్నవాడు, ఆదివారం ప్రార్థన నుంచి తిన్నగా మైదానానికి వచ్చేవాడు. ఎవరో దొర వదిలేసిపోయిన తోలుబంతి అతని దగ్గర ఉండేది. దానికి ఆముదం రాసి, చిరిగిన బ్లాడరుకు అతుకు వేసి, పసిపిల్లను సాకినట్టు సాకేవాడు. గౌలిపుర పాలవాళ్ల పిల్లలు, రైలు కూలీల పిల్లలు కొందరు, కుట్టుపనివాడొకడు, తౌడు దుకాణం నుంచి నేను. ఇదే జట్టు. ఆటకు ఎంతమంది కావాలో సరిగ్గా అంతమందిమే ఉండేవాళ్లం. ఒకడికి జ్వరమొస్తే మిగతావాళ్లందరికీ చెమటలు పట్టేవి. నగరంలోని మొహల్లా జట్లన్నీ ఆడే లీగులో మమ్మల్ని చేర్పించడానికి జోసఫన్న ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో నాకు తెలుసు. ఆ మనిషి ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఊరు మాత్రం మమ్మల్ని వెలేసినంత పని చేసింది. మొదటి గొడవ తోలుతోనే. బర్రె తోలో ఆవు తోలో కుట్టిన బంతిని కాలితో తన్నడమా? "బర్రె మనింటి లచ్చిమిరా! లచ్చిమి తోలును కాళ్లతోని తంతె ఇంట్ల పాడి నిలుస్తదా?" అని ఈరమ్మే మొదట లొల్లి పెట్టింది. అందుకే ఆ బంతి గౌలిపుర గల్లీలో ఏనాడూ కాలు మోపలేదు, జోసఫన్న ఇంట్లోనే ఉండేది. రెండో గొడవ లాగులు. మోకాళ్లు కనబడేలా లాగులు తొడుక్కుని పదిమందిలో పరుగెత్తడం చూసి మా బాపు, "పిల్లనిచ్చేటోడు కూడ రాడు, చూస్కో" అన్నాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు వేళ. నౌకరీలవాళ్లు ఇళ్లకు చేరాక ఆట మొదలయ్యేది. సరిగ్గా అదే పాలపూట. మా ఆట చూడాల్సిన జనమంతా ఆ వేళకు బర్రెల పొదుగుల దగ్గర ఉండేవాళ్లు. రైలుకట్ట పక్క బీడులో ఆట. ఎదుటి జట్టు వైపు చాయ్ కప్పులు, చుడువా పొట్లాలు, మర్ఫా డప్పుల మోత, గోలు పడితే టోపీలు గాల్లోకి. మా వైపు కట్ట మీద మేకలు. అవీ మా ఆట చూడవు, గడ్డి చూసుకుంటాయి. మాకు జోసఫన్న ఇంగ్లీషులో మంచి పేరే పెట్టాడు గానీ, దాన్ని అతను తప్ప ఎవరూ పలికిన పాపాన పోలేదు. అందరికీ మేం బర్రెల టీమే.

మల్లేశు మా గోలీ. వాడు గోలులో నిలబడితే చూడాలి! పాలు పిండీ పిండీ ముంజేతులు రోకళ్లలా అయ్యాయి, వేళ్లలో పట్టు ఉడుము పట్టు. మిగతా గోలీలు బంతిని చేత్తో కొట్టి పక్కకు నెట్టేవాళ్లు. వీడు పట్టేవాడు. ఎంత దగ్గర నుంచి కొట్టినా రెండు అరచేతుల మధ్య చప్పుడు లేకుండా ఆగిపోయేది. పట్టాక బంతిని ఒకసారి నిమిరేవాడు, అలవాటు కొద్దీ. సగం ఆట దాకా మా మీద గోలు పడటం అరుదు. ఆ తర్వాతే మా ఖర్మ మొదలయ్యేది. ఆటగాడికి బదులు ఇంకొకడిని దించే పద్ధతి ఆ రోజుల్లో లేదు. పొద్దు రైలుకట్ట మీదకు వాలిందంటే మల్లేశు మొహం పాలిపోయేది, ఒక్కసారి జోసఫన్న వైపు చూసి తల దించుకుని ఇంటికి పరుగెత్తేవాడు. మాలో ఎవడో ఒకడు గోలులోకి పోయేవాడు. ఇక జల్లెడలో నీళ్లు పోసినట్టే. "పహలా ఆధా మల్లేశ్, దూస్రా ఆధా అల్లా" అని ఖాజా జట్టువాళ్లు పరాచికాలాడేవాళ్లు, మొదటి సగం మల్లేశు చూసుకుంటాడు, రెండో సగం దేవుడే దిక్కని. అప్పుడు ఖాజా పక్క మొహల్లా జట్టులో ముందు వరస ఆటగాడు, సన్నగా ఈటెలా ఉండేవాడు. వాడి కాలిదెబ్బ అంటే నగరమంతా పేరు.

ఆ జట్టుతోనే ఒకనాడు ఆట. మల్లేశు ఆ రోజు మొండికేశాడు. పొద్దు వాలినా గోలు వదల్లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ నిలబడ్డాడు. ఆట మధ్యలో జనం ఒక్కసారి గొల్లుమన్నారు. చూస్తే ఈరమ్మ! కొంగు నడుముకు చుట్టి, చేతిలో ఖాళీ చెంబుతో, బంతి ఎటుపోతోందో కూడా చూడకుండా మైదానం నడిమధ్య నుంచి నడిచొస్తోంది. తిన్నగా గోలు దగ్గరకెళ్లి కొడుకు రెక్క పట్టుకుంది. "పొదుగు రాయైంది, అది అరుస్తున్నది, నువ్విక్కడ తోలు తిత్తిని పట్టుకోని ఉరుకుతున్నవా? నడువ్!" అంది. మల్లేశు "అవ్వా, జరసేపు... ఒక్క జరసేపవ్వా" అని బతిమాలాడు. అవతలి గుంపులో ఎవడో "అరే దూధ్‌వాలే! ఘర్ జాకే భైంస్ దుహో!" అని కేకేశాడు. పోయి బర్రెను పిండుకో పొమ్మని. మైదానమంతా నవ్వు. మల్లేశు చెవుల దాకా ఎర్రబడి తల్లి వెనక నడిచాడు. ఈరమ్మ మాత్రం ఆగి, కేక వచ్చిన వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. అంత గొంతున్న మనిషి ఆ రోజు ఒక్క మాటా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆట అయ్యాక లీగు పెద్దాయన జోసఫన్నను పిలిచాడు. షేర్వానీ, తెల్ల గడ్డం, మర్యాద తప్పని మనిషి. "మియా, యే ఖేల్ హై, బాజార్ నహీ" అన్నాడు, ఇది ఆట, బజారు కాదని. ఇంకొక్కసారి మీ ఆటగాడు ఆట మధ్యలో వెళ్లిపోతే మీ జట్టు పేరు కొట్టేయక తప్పదన్నాడు. ఆయన తప్పూ లేదు. తిరిగి వస్తుంటే జోసఫన్న బంతిని చంకలో పెట్టుకుని రైలుకట్ట మీద కూర్చుండిపోయాడు. "అందరికి జనం ఉన్నరు నర్సిగా. మనకు బర్రెలున్నయి" అన్నాడు నాతో. నవ్వబోయి నవ్వలేకపోయాడు. మళ్లీ ఖాజా జట్టుతోనే ఇంకో ఆట మిగిలి ఉంది. మల్లేశు ఆఖరి ఈల దాకా గోలులో నిలబడితే జట్టు బతుకుతుంది, లేకపోతే లేదు. వాడు నిలబడితే రాజమణి పొదుగు గడ్డకడుతుంది, ఈరమ్మ పొయ్యి ఆరుతుంది. ఎవరినని అడుగుతాం?

అయినా జోసఫన్న అడగడానికే వెళ్లాడు, తోడుగా నన్ను లాక్కెళ్లాడు. ఈరమ్మ వాకిట్లో కూర్చుని బూడిదతో పాల తప్పేల తోముతోంది. ఆ తప్పేల తోమడం ఆమెకు పూజ. లోపల చెయ్యి పెట్టి, బయటకు తీసి, వాసన చూసి, మళ్లీ తోమేది. మల్లేశు మూలన చొప్ప నరుకుతూ చెవి ఇటే పెట్టాడు. జోసఫన్న గొంతు సవరించుకుని, "అక్కా, ఒక్క రోజు... మల్లేశును ఆఖరు దాక ఉండనియ్యి" అన్నాడు.

"నేనుండనిస్త. రాజమణి ఉండనిస్తదా?" అంది తలెత్తకుండా.

"ఆడు లేకుంటె టీము పోతదక్కా."

ఆమె తోమడం ఆపింది. "గిది జెప్పు జోసపూ. ఆనాడు గా పోరడు ఏమన్నడు? పోయి బర్రెను పిండుకొమ్మన్నడు గద?"

"పోరగాండ్లు... ఏదో నవ్వులాటకు..."

"నవ్వులాటనా! ఆని ఇంట్ల చాయ్‌ల పోసుకునేది ఎవని పాలు? ఆని అవ్వకు పాలు లేకుంటె ఆనికి ఉగ్గుగిన్నెల పోసింది నేను! బర్రెను పిండుడు నామోషా?" తప్పేలను నేలమీద ఠంగున పెట్టింది. "నాకు మీ తోలు తిత్తి మీద మురిపెం లేదు. మల్ల చెప్తున్న, అది పాపపు పనే. గని నా కొడుకు తల దించుకోని నా ఎనక నడిచిండు. గది నా కడుపుల మండుతున్నది. మల్లేశు రాడు. రాజమణి వస్తది."

మాకు అర్థం కాలేదు. "ఏడికి?" అన్నాను నేను తెలివితక్కువగా.

"గాడికే. మీ గ్రౌండుకు. బర్రె నడువదా? రోజు గా గల్లీలల్లకే గద నడుస్తది!"

మూలన మల్లేశు చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. జోసఫన్న వంగి ఆమె కాళ్లకు దండం పెట్టబోతే, "ఏయ్, కిరస్తానపోనివి, నీకెందుకయ్యా కాళ్లు మొక్కుడు? పో, పో!" అని బూడిద చెయ్యి విదిలించింది.

ఆట రోజు పొద్దుటి పాలపూటలో ఈరమ్మ ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పింది. "మాపటికి పాలు కావల్నంటె చెంబు పట్టుకోని రైలుకట్టకాడికి రాండ్రి. నేనింటికి రాను." ఎందుకని అడిగేలోపే బర్రెను ముందు గుమ్మానికి తోలేసింది. సణుక్కోని ఇల్లు లేదు. కానీ రాజమణి పాల చిక్కదనం అలాంటిది, మానుకుంటామన్న ఇల్లూ లేదు.

సాయంత్రం ఆట మొదలైన కాసేపటికి కట్ట దిగువన రాజమణి కనిపించింది. కొమ్ములకు నూనె రాసి, మెడలో గంట కట్టి, దీపావళికి పాలవాళ్లు తీసే ఊరేగింపులో దున్నపోతును తెచ్చినంత దర్జాగా తీసుకొచ్చింది ఈరమ్మ. మా గోలు వెనక గుంజ పాతి కట్టేసింది. అవతలి గుంపులో నవ్వుల జాతర. ఆ నవ్వు సద్దుమణగక ముందే చెంబులు రావడం మొదలైంది. ఇత్తడి చెంబులు, కంచు చెంబులు, కళాయి పూసిన లోటాలు. కోమటి వెంకమ్మ, రైలు వరస ఇళ్ల మరియమ్మ, బుర్ఖాల్లో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు, కుంటుతూ ఒక పంతులుగారు. అందరూ వచ్చి మా గీత వెంట వరసగా నిలబడ్డారు. పాలకోసం వచ్చినవాళ్లు పాలు పిండేదాకా ఏం చేస్తారు? ఎదురుగా జరుగుతున్నది చూస్తారు. చూస్తూ చూస్తూ వెంకమ్మ, "అయ్యో, ఆ పోరణ్ని గట్ల పడేసిండేంది! ఎవ్వడు లేడా అడిగెటోడు?" అని అరిచింది. మా కోసం బయటి మనిషి అరవడం అదే మొదలు. నా కాళ్లలోకి ఎక్కడి బలమొచ్చిందో తెలియదు, అవతలి ఆటగాడి కాళ్ల కింద నుంచి బంతిని లాక్కొచ్చాను.

సగం ఆట అయ్యేసరికి గోలు పడలేదు. ఈల పడగానే మల్లేశు గోలు వెనక్కి దూకి, చేతులు కడుక్కుని, పొదుగు కింద కూర్చున్నాడు. మెడ గోకాడు, రాగం తీశాడు. రాజమణి చెవులు నిక్కబెట్టి అటూ ఇటూ తొక్కుతోంది. అవతల మర్ఫాలు, ఈలలు, కేకలు. పుట్టి బుద్ధెరిగాక అంత గోల వినలేదు పాపం. మల్లేశు తల్లి వైపు చూశాడు. "చేప్తలేదవ్వా" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. అది చేపకపోతే వాడు ఆటలోకి తిరిగి రాలేడు. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. జోసఫన్న శిలువ గుర్తు వేసుకుంటున్నాడు.

ఈరమ్మ కొంగు బిగించి మైదానం మధ్యకు నడిచింది. వెనకటి రోజున నడిచినట్టే, అదే చెంబుతో. నడిమధ్య ఆగి చెయ్యెత్తి, దాచిపెట్టుకున్న ఆ గొంతును మొత్తం బయటకు తీసింది.

"ఓ భాయ్! జర చుప్ బైఠో! ఇత్తా లొల్లి కరే తో భైంస్ దూధ్ నై ఉతార్తీ! తుమారే బచ్చే క్యా పీతే?"

ఇంత గోల చేస్తే బర్రె పాలు దింపదు, మీ పిల్లలేం తాగుతారు అని. అప్పుడు ఖాజా తమ మర్ఫావాళ్ల వైపు తిరిగి రెండు చేతులూ కిందికి ఊపాడు. డప్పు ఆగింది. ఈలలు ఆగాయి. చాయ్‌వాడు కప్పులు కడగడం ఆపాడు. లీగు పెద్దాయన కుర్చీలోంచి లేచి వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడ్డాడు. రెఫరీ గడియారాన్ని జేబులో వేసేసుకున్నాడు. ఆ వేళకు రైలు రాకపోవడం మా పూర్వజన్మ సుకృతం. అంత పెద్ద గుంపు అంత నిశ్శబ్దంగా ఉండటం నా జీవితంలో మళ్లీ చూడలేదు, గుళ్లోనూ లేదు, సభల్లోనూ లేదు. ఆ నిశ్శబ్దంలో మల్లేశు ముక్కుతో తీసే కూనిరాగం మైదానం ఆ చివర దాకా వినిపించింది. కాసేపటికి తప్పేల అడుగున చుర్రుమని మొదటి ధార పడింది. గీత వెంట ఉన్న ముసలమ్మలు ఒక్కసారి ఊపిరి వదిలారు. అవతలి గుంపులో ఎవడో సన్నగా "వాహ్" అన్నాడు, పక్కవాడు వాడి నోరు మూశాడు.

పాలు కొలిచి పోయడం ఈరమ్మ చూసుకుంది, మల్లేశు గోలులోకి తిరిగొచ్చాడు. మొదటిసారి ఆఖరి ఈల దాకా నిలబడటానికి! చెంబులు నిండినవాళ్లు ఇళ్లకు పోవాలి కదా, ఒక్కరూ పోలేదు. పాలు తొణక్కుండా పట్టుకుని నిలబడే చూశారు. ఖాజా ఒక గోలు కొట్టాడు, అబద్ధమెందుకు, మల్లేశు కాదు దేవుడొచ్చినా ఆగే దెబ్బ కాదది. ఆ తర్వాత ఎన్ని కొట్టినా ఒక్కటీ పోనివ్వలేదు. ఆఖర్న ఖాజా ఒంటరిగా బంతి తీసుకుని గోలు ముందుకొచ్చేశాడు. నేను పడిపోయి చూస్తున్నాను. కొట్టాడు. మల్లేశు పక్కకు పడుతూ రెండు చేతులా పట్టేశాడు, మట్టిలో పడుకునే బంతిని నిమిరాడు. ఈల పడింది. ఓడిపోయాం. అయినా వాడు గోలు వదలడే! అందరూ వెళ్తున్నా అలాగే నిలబడి ఉన్నాడు. ఈరమ్మ వెళ్లి పాల చెయ్యి వాడి తల మీద వేసింది. "ఒక్కటి పోతె ఏందిరా? బర్రె తన్నితె చెంబెడు ఒలుకుతయి గని పొదుగు ఎండుతదా? నడువ్" అంది. మల్లేశు తల ఎత్తుకుని నడిచాడు. లీగు పెద్దాయన జోసఫన్న భుజం తట్టి వెళ్లిపోయాడు. మా పేరు ఉండిపోయింది.

తరువాతి కాలంలో రాజమణి వట్టిపోయింది, గోలు వెనక గుంజ ఊడదీశాం. ఇక మన జనం రారనుకున్నాం. సాయంత్రం చూస్తే వెంకమ్మ వచ్చింది, చేతిలో చెంబుతో. వెనకాలే మరియమ్మ, ఆమె చేతిలోనూ చెంబే. ఖాళీ చెంబులు! ఆడవాళ్లు ఊరికే ఆట చూడటానికి పోతామంటే ఇళ్లలో ఏమంటారో, పాలకు పోతున్నామంటే ఎవరూ అడగరు. కొన్నేళ్లపాటు మా జట్టుకు జనమంటే ఆ ఖాళీ చెంబులవాళ్లే. మల్లేశు బంతి పట్టినప్పుడల్లా ఉంగరాల వేళ్లతో చెంబుల మీద కొట్టేవాళ్లు. ఆ ఠంఠంల ముందు మర్ఫా ఏ మూలకు! గడ్డు రోజులొచ్చి గల్లీలు ఒకదాన్ని చూసి ఒకటి తలుపులు వేసుకున్నప్పుడు ఆటలు ఆగిపోయాయి. ఈరమ్మ బర్రె మాత్రం ఖాజా వాళ్ల గుమ్మం దాకా వెళ్లొస్తూనే ఉండేది. వెళ్లేటప్పుడు మల్లేశు, తిరిగొచ్చేటప్పుడు ఖాజా పక్కన నడిచేవాళ్లు. ఎవడూ ఆపలేదు. ఇప్పుడు మా మనవళ్ల ఆటలకు దీపాలున్నాయి, రంగురంగుల చొక్కాలున్నాయి, టీవీ ముందు కూర్చుని గొంతులు చించుకునే జనం ఉన్నారు. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కానీ ఒకడి కోసం ఎదుటి పక్షం కూడా నోరు మూసుకోవడం ఎలా ఉంటుందో వీళ్లకు ఎలా చెప్పను? మేం మనుషుల్లో మనుషులం ఆ పూటే అయ్యాం.

"పెద్దబాపూ?" అని యాదగిరి మళ్లీ పిలిస్తే దొడ్లోకి వచ్చిపడ్డాను. కాకులు తీగ మీదే ఉన్నాయి. ఒకటి కిందికి రాబోయింది, మైకులో తాళాలు ఒక్కసారి మోగేసరికి ఎగిరిపోయి మళ్లీ తీగ ఎక్కింది. సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది, తాను ఏం తక్కువ చేసిందోనని.

నా పక్కన కర్ర కదిలింది. ఖాజా మియా లేచి నిలబడ్డాడు. నడుము ఎంత వంగిందో ఏమో, చెయ్యి మాత్రం పైకెత్తాడు. షామియానా వైపు, వంటవాళ్ల వైపు, పిల్లల వైపు తిరిగి, ఆ వయసులో ఎక్కడ దాచాడో ఆ గొంతు:

"జర చుప్ బైఠో! ఇత్తా లొల్లి కరే తో దూధ్ నై ఉతర్తా!"

జనం బిత్తరపోయారు. ఈ ముసలాయనకు మతి పోయిందనుకుని ఉంటారు. అయినా పెద్దమనిషి మాట కదా, కుర్రాడు మైకు కట్టేశాడు. వంటవాళ్లు గరిటెలు దించారు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. దొడ్డంతా సద్దుమణిగింది. ఖాజా చెయ్యి గాల్లో అలాగే ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కాకి గోడ మీద ఉంది. విస్తరి చుట్టూ ఒకసారి నడిచి, గారె ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. సత్తెమ్మ గోడ దగ్గరే కూలబడి బావురుమంది, యాదగిరి రెండు చేతులూ జోడించాడు.

ఖాజా మెల్లగా కూర్చుని, నా చేతి కోసం తడుముకున్నాడు.

"ఖేల్ పూరా హోగయా, నర్సింగ్" అన్నాడు.